దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

"దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని బడిలో చెప్పారు. మరి మా అన్నయ్య విమానానికి ఆ లెక్క ఎందుకు కుదరడం లేదు?" అని ఒక పదో తరగతి విద్యార్థి అడిగాడు. ఎంత చక్కని ప్రశ్న! దీనికి ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని మించిన ఉదాహరణ నాకు కనబడదు.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పడితే సుమారు 12,400 కిలోమీటర్లు. ఆ దారం ఢిల్లీ నుంచి దాదాపు ఉత్తరానికే సాగి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా దిగుతుంది. గోడమీది పటం చూసి పెరిగినవారు దీన్ని ఒక పట్టాన నమ్మరు. ప్రతి తరగతి గదిలోనూ ఒక గ్లోబు, ఒక దారపు ఉండ ఉండి తీరాలి. అయితే అసలు విశేషం దారంలో లేదు, గాలిలో ఉంది.

2016 అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని పడమటికి, అట్లాంటిక్ మీదుగా నడిపేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ నెలలో దారి మార్చి పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపింది. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది!

15,300ను 14.5తో భాగించండి. గంటకు 1,055 కిలోమీటర్లు. కానీ బోయింగ్ 777 గాలిని చీల్చుకుంటూ పోయే వేగం గంటకు సుమారు 900. మిగిలిన 155 వెనక నుంచి తోసిన గాలివి. ఏటివాలున పోయే పడవ సంగతే ఇది. ఇంకోలా చూద్దాం. గంటకు 900 చొప్పున పద్నాలుగున్నర గంటల్లో విమానం చీల్చిన గాలి 13,050 కిలోమీటర్లు. మిగతా 2,250 కిలోమీటర్లూ గాలే మోసుకుపోయింది. పాత దారిలో పదహారున్నర గంటలకు 14,850 కిలోమీటర్ల గాలిని చీల్చితే, ఎదురుగాలి వల్ల నేలమీద కలిసివచ్చింది 13,900 మాత్రమే. ఇంధనం ఖర్చయ్యేది చీల్చిన గాలికి. అంటే పటంలో పొడవైన దారి ఇంజనుకు 1,800 కిలోమీటర్లు దగ్గర!

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమటికి పోతే ఊరు ఎదురొస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. గాలీ భూమితోపాటే తిరుగుతుంది కనుక అది నిజం కాదు. భూభ్రమణం పని వేరు. ఉష్ణమండలంలో గాలి వేడికి వ్యాకోచిస్తుంది. అందువల్ల పది కిలోమీటర్ల ఎత్తున అక్కడి పీడనం ధ్రువం వైపు పీడనం కన్నా ఎక్కువ. గాలి ఉత్తరానికి కదలబోతే, భ్రమణం దాన్ని కుడికి, అంటే తూర్పుకు, వంచుతుంది. అదే జెట్ ప్రవాహం. చలికాలంలో జపాన్ మీద దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది.

దాన్ని 1920లలోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు వదిలి కొలిచారు. ప్రపంచమంతా చదవాలని ఎస్పెరాంటో అనే కృత్రిమ అంతర్జాతీయ భాషలో ప్రచురించారు. బయటి దేశాలవారు పట్టించుకోలేదు. 1944లో అమెరికా బాంబర్లు అదే గాలిలో చిక్కుకున్నాయి.

తిరుగు ప్రయాణంలోనూ విమానం తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా వస్తే మళ్లీ ఆ గాలే తోడు. అలా పోయి వచ్చిన ప్రయాణికుడు ఇల్లు చేరేసరికి భూమిని ఒక చుట్టు చుట్టి ఉంటాడు.