పులస ఆస్ట్రేలియా నుంచి రాదు: ఆంధ్ర తీరంపై అపోహలు – వాస్తవాలు

కోరింగ, కొల్లేరు, పులికాట్, భీమిలి వైపు టూరిస్టులను, కాలేజీ పిల్లలను తిప్పి చూపించడం నా పని. పడవ ఎక్కీ ఎక్కగానే వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. తెలియక అడిగేవాళ్లతో ఇబ్బంది లేదు. తెలిసినట్టు చెప్పే వీడియోలతోనే చిరాకు. బాగా పాతుకుపోయిన వాటి సంగతి ఇక్కడ చూద్దాం.

అపోహ: పులస ఆస్ట్రేలియా నుంచి గోదావరికి ఈదుకుంటూ వస్తుంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఒక్కోసారి టాంజానియా... చెప్పేవాళ్ల ఓపికను బట్టి దేశం మారుతుంది. నిజానికి ఇది మన బంగాళాఖాతం చేపే. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్, మనం సముద్రంలో పడితే ఇలస, విలస అనేది, గోదావరిలో పులస అనేది ఒకే జాతి. పర్షియన్ గల్ఫ్ నుంచి బర్మా దాకా తీరాల్లో తిరుగుతుంది. ఆస్ట్రేలియా దాని ఇలాకాలోనే లేదు.

గుడ్లు పెట్టడానికి దానికి మంచినీళ్లు కావాలి. జూలైలో గోదావరికి ఎర్రనీరు తగలగానే ఆ వరద వాసన పట్టుకుని నదీముఖం నుంచి ఎదురీదుతుంది. ఉప్పునీటి చేప తీపినీటిలోకి వచ్చి, ఒళ్లంతా కొవ్వు, కడుపునిండా జన (గుడ్లు)తో ఉన్నప్పుడు వలలో పడుతుంది కాబట్టే ఆ రుచి. ధవళేశ్వరం దగ్గర దాని దారికి అడ్డు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టింది 1852 నాటికి, ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాతది. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు, బాగానే ఉంది. అమ్మేది పులసేనా అన్నది మాత్రం చూసుకోవాలి. ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో వచ్చిన సముద్రపు ఇలసను వేలకు వేలు చెప్పి అంటగట్టేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. జాతి ఒకటే కనుక చూపుతో పోల్చుకోవడం కష్టం. నమ్మకమైన జాలరి తెలిసి ఉండటమే మార్గం.

అపోహ: చెరువుల్లో వాలే పెద్ద పక్షులన్నీ సైబీరియా నుంచి వచ్చినవే.

పేపర్లో ఏటా ఈ వార్త వస్తుంది: "సైబీరియా అతిథులు వచ్చేశాయి". కింద ఫొటోలో ఉండేది గూడబాతు (పెలికాన్). మచ్చల ముక్కున్న ఈ గూడబాతు భారత్, శ్రీలంక, కంబోడియా ప్రాంతాల పక్షి. సైబీరియా మొహం కూడా చూసి ఉండదు. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కట్టి, పులికాట్‌కు వెళ్లి చేపలు తెచ్చుకుంటుంది. బైనాక్యులర్స్‌తో కాసేపు ఓపిగ్గా చూడండి. తల్లి గూటిలో దిగీ దిగగానే పిల్ల తలంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది, మెడ దాకా. మొదటిసారి చూసినవాళ్లు మింగేస్తోందేమోనని భయపడతారు. అది అన్నం తింటోంది. ఈ రెట్టలు కలిసిన చెరువు నీరే కింది పొలాలకు ఎరువు, అందుకే అక్కడి రైతులకు ఈ పక్షులంటే అంత ప్రేమ.

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోని గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తేలుకుంచిలోని నత్తగుల్ల కొంగలు కూడా ఈ ఉపఖండానివే. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల పని పట్టడానికే అది. పొలాల్లో నత్తలు పెరిగే వానాకాలానికి సరిగ్గా వచ్చేస్తుంది. పులికాట్ రాజహంసలు (ఫ్లెమింగోలు అంటే అందరికీ అర్థమవుతుంది) మన దేశంలో ప్రధానంగా పిల్లల్ని పెట్టేది కచ్ రణ్‌లో.

నిజంగా దూరం నుంచి వచ్చేవి లేవా అంటే, ఉన్నాయి. పిన్‌టెయిల్ బాతులు, బురదలో పరుగులు పెట్టే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఆ పిడికెడు పిట్టల వైపు కెమెరా తిప్పేవాడే ఉండడు.

అపోహ: మడ అడవి అంటే పనికిరాని బురద. / మడ అడవి ఉంటే ఏ తుపానూ ఏమీ చేయదు.

రెండూ తప్పే. రెండోది కాస్త మంచి ఉద్దేశంతో చెప్పే తప్పు. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. గోదావరి తీపినీరు, సముద్రపు ఉప్పునీరు రోజూ పోటుపాట్లతో కలిసే చోటు అది. మడ ఆకు ఒకటి తుంపి నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్లతో పీల్చిన ఉప్పును చెట్టు ఆకుల మీదుగా బయటికి వదిలేస్తుంది. చెట్టు చుట్టూ బురదలోంచి మేకులు పాతినట్టు పైకి లేచినవి గాలి పీల్చే వేళ్లు, తొక్కొద్దు. ప్రతి ఆకూ తుంపొద్దు కూడా. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

రొయ్యలు, పీతలు, చేపపిల్లలు ఈ వేళ్ల మధ్యే పెరుగుతాయి. అలల జోరును, ఉప్పెన జోరును మడ అడవి తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందన్నది అడవి వెడల్పును బట్టి, ఉప్పెన ఎత్తును బట్టి ఉంటుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన లాంటిది వస్తే సైక్లోన్ షెల్టర్‌కు పోవాల్సిందే, చెట్లను నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు.

అన్నట్టు, ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా వైపు నుంచి నిజంగా మన తీరానికి వచ్చింది ఒకటుంది: సరుగుడు. దాన్ని మాత్రం అందరూ మన చెట్టే అనుకుంటారు.

అపోహ: సముద్రం ఎప్పుడూ ఇక్కడే ఉంది.

కొన్ని వేల ఏళ్ల కిందట తీరరేఖ కొల్లేరు దరిదాపుల్లో ఉండేది. అక్కడి నుంచి ఇప్పటి సముద్రం దాకా ఉన్న నేలంతా కృష్ణా, గోదావరి ఒండ్రుతో పోసుకొచ్చినదే. కాకినాడ ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ వయసు సుమారు రెండు వందల ఏళ్లే. గోదావరి ఇసుక పేరుకుని ఏర్పడిన దిబ్బ అది. కాకినాడ రేవుకు అలల నుంచి రక్షణ అదే. అక్కడికి కాస్త ఉత్తరాన ఉప్పాడలో మాత్రం సముద్రం ఇళ్లను, రోడ్డును తినేస్తోంది. పైన డ్యాములు ఒండ్రును ఆపేస్తే కింద తీరానికి తిండి తగ్గుతుంది. "సముద్రానికి కోపం వచ్చింది" అనడం తేలిక. ఇసుక ఎక్కడ ఆగిపోయిందో చూడటమే అసలు పని.

అపోహ: ఎర్రమట్టి దిబ్బలు మామూలు మట్టిగుట్టలు.

విశాఖ–భీమిలి మధ్యనున్న ఈ దిబ్బలు చాలావరకు ఇసుక. గత మంచుయుగంలో సముద్రమట్టం 100 మీటర్లకు పైగా పడిపోయినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తిపోసింది. రేణువులకు పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్ల ఆ ఎరుపు. వాన నీళ్లు కోసిన గండ్లే ఆ లోయలు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. గోడలెక్కి సెల్ఫీ దిగితే రాలేది ఆ చరిత్రే. దయచేసి దిగి రండి.

అపోహ: తీరం పొడవు 974 కిలోమీటర్లు, దేశంలో రెండో స్థానం.

పోటీ పరీక్షల వాళ్లకు: కొత్త లెక్కలో 1,053 కిలోమీటర్లు. తీరం పెరగలేదు, వంపులన్నీ పట్టేలా మరింత పెద్ద స్కేలు మ్యాపుల మీద కొలిచారు. ఆ కొలతలో తమిళనాడు మనల్ని కొద్దిలో దాటింది.

అపోహ: తాబేలు గుడ్లు పెడుతూ ఏడుస్తుంది, చేపలవేట నిషేధం తాబేళ్ల కోసం.

ఆ కన్నీళ్లు ఒంట్లో అదనపు ఉప్పును బయటికి పంపే ఏర్పాటు. ఇక వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపల సంతానం కోసం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి ఎక్కువగా వచ్చేది జనవరి–మార్చిలో. అంటే ట్రాలర్లు ముమ్మరంగా తిరిగే రోజుల్లోనే. వలలో చిక్కితే పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక చస్తాయి. ఒడ్డున కనబడే తాబేళ్ల శవాల్లో చాలావాటికి కారణం అదే. సరుగుడు తోటలు అలల దాకా వేసేసినా వాటికి గుంత తవ్వుకునే ఇసుక మిగలదు.

గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి. రాత్రిపూట సముద్రమే తెల్లగా కనబడాలి. మీరు బీచ్‌లో ఉంటే ఫోన్ ఫ్లాష్ ఆపేయండి, రిసార్ట్ వాళ్లను సముద్రం వైపు లైట్లు తీసేయమని అడగండి. పిల్లల్ని చేత్తో ఎత్తి నీళ్లలో విసరొద్దు, వాటంతట వాటిని నడవనివ్వండి.