గడియ లేని తలుపు, మూత లేని బిందె

ప్రియమైన పిల్లలకు,

సెలవుల్లో మీరంతా కలిసి పేదల కాలనీల్లో అవగాహన కార్యక్రమం పెడతామని రాశారు. చాలా సంతోషం. కానీ మంచినీళ్ళకొక రోజు, మరుగుదొడ్లకొక రోజు, మానసిక ఆరోగ్యానికొక రోజు అని విడగొట్టారు చూడండి, అది మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ బతికేవాళ్ళకు ఈ మూడూ కలిసే వస్తాయి, ఒకే పూట మీద పడతాయి.

ఇంట్లో కుళాయి లేని పిల్ల సంగతే తీసుకోండి. అలాంటి ఇళ్ళు పదింటిలో ఏడింట నీళ్ళు మోసేది ఆడవాళ్ళూ ఆడపిల్లలేనని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన నివేదిక చెప్పింది. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు. వచ్చాక లైన్లో తోపులాట, తిట్లు. ఒకటి రెండు బిందెలు నిండేసరికి బడికి టైమైపోతుంది. ఆ పిల్ల దగ్గరకెళ్ళి 'టెన్షన్ పడకు, గట్టిగా ఊపిరి పీల్చి వదులు' అంటే మన ముఖం చూసి నవ్వుతుంది. నవ్వాలి కూడా.

బడిలో మరుగుదొడ్డి ఉంటుంది, తలుపుకు గడియ ఉండదు. ఒక స్నేహితురాలు బయట కాపలా ఉంటేనే ఇంకొకరు లోపలికి వెళ్ళగలరు. ఆ బాధ పడలేక కొందరు ఆడపిల్లలు పొద్దుటి నుంచీ నీళ్ళు తాగడమే మానేస్తారు. దానివల్ల తలనొప్పి, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు వస్తాయి. నెలసరి రోజుల్లో బడే మానేస్తారు. వాళ్ళకు అవగాహన లేక కాదు, తలుపుకు గడియ లేక. ఇక ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా అందులో నీళ్ళు రాకపోతే, దానికీ మోయాల్సింది మళ్ళీ ఆ పిల్లే. అందుకే కట్టిన మరుగుదొడ్డిలో సామాన్లు పెట్టుకున్నారని ఎవరినీ వెక్కిరించకండి.

ఇక తాగే నీళ్ళు. తేటగా ఉన్నంత మాత్రాన మంచివని కాదు, రోగాలు తెచ్చే క్రిములు కంటికి కనబడవు. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు: కుళాయి దగ్గర శుభ్రంగా ఉన్న నీళ్ళు కూడా చాలాసార్లు ఇంటికొచ్చాక పాడవుతాయి. ఎవరింటికైనా వెళ్తే బిందె వైపు చూడండి. మూత ఉందా? పసిపిల్లవాడు గ్లాసుతో పాటు చెయ్యి కూడా ముంచేస్తున్నాడా? పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి, మూత ఒకటి ఉంటే సగం పని అయినట్టే. అనుమానం ఉన్న నీళ్ళు తెర్లుతూ ఒక నిమిషం మరిగితే క్రిములు చస్తాయి. క్లోరిన్ వేస్తే అరగంట ఆగి తాగాలి. బురద నీళ్ళలో అది సరిగ్గా పనిచేయదు కాబట్టి ముందు తేరనిచ్చి, గుడ్డతో వడకట్టాలి. అయితే భూమిలోంచి నీళ్ళలో కలిసే ఫ్లోరైడ్, ఆర్సెనిక్ లాంటివి మరిగించినా పోవు. నీరు ఆవిరైన కొద్దీ అవి ఇంకాస్త చిక్కబడతాయి. అలాంటిచోట నీటి పరీక్ష చేయించకుండా 'మరిగించి తాగండి' అని చెప్పి వచ్చేయడం తప్పు.

మనసు సంగతికి డాక్టర్లే కావాలని అనుకుంటారు. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో మానసిక వైద్యులు చాలా తక్కువమంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే వైద్యుడు 2006లో రాజధాని హరారేలోని ఒక పేదవాడలో అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చారు. ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక బెంచీ మీద కూర్చుని, వచ్చినవాళ్ళ గోడు విని, ఉన్న కష్టాల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతకడంలో సాయపడటం వాళ్ళ పని. అలా ఆ అమ్మమ్మలతో మాట్లాడినవాళ్ళలో ఆరు నెలల తర్వాత దిగులు, ఆందోళన బాగా తగ్గాయని 2016లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. నాకు ఇందులో నచ్చింది ఆ 'ఏదో ఒక కష్టం' అన్న మాటే. అది అప్పు కావచ్చు, నీళ్ళ లైన్లో రోజూ జరిగే గొడవ కావచ్చు.

మీరు మాత్రం అమ్మమ్మల పని నెత్తికెత్తుకోకండి, అది శిక్షణ ఉన్నవాళ్ళ పని. వినడం చేతనైతే చాలు. ఎవరైనా వారాల తరబడి నిద్రా తిండీ సరిగ్గా లేకుండా, ఎవరితోనూ కలవకుండా ఉంటే ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి. చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే వాళ్ళను ఒంటరిగా వదలకండి, వెంటనే పెద్దవాళ్ళను పిలవండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే. 'నీకలాంటి ఆలోచన వస్తోందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. అడిగితే వాళ్ళకు చెప్పుకునే వీలు దొరుకుతుంది.

కాబట్టి మొదటి రోజు మైకు వద్దు, ఒక నోటు పుస్తకం చాలు. నీళ్ళకు ఎంతసేపు పడుతోంది, రాత్రిపూట మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తున్నారు, దేనికి ఎక్కువ దిగులు పడుతున్నారు అని అడిగి రాసుకోండి. తాగునీరు, పారిశుద్ధ్యం మనిషి హక్కని ఐక్యరాజ్యసమితి 2010 జులై 28న తీర్మానం చేసింది. అంటే వాళ్ళు అడిగేది దానం కాదు. అధికారులకు ఇచ్చే అర్జీలో మీ వాక్యాలు కాకుండా వాళ్ళ మాటలే ఉండనివ్వండి, సంతకాలు వాళ్ళవే పెట్టించండి. చిత్తుప్రతి నాకు పంపితే చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య