పులికూన ఒంటరిగా కనిపిస్తే అనాథేనా? నల్లమల అంచు ఊళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఆత్మకూరు, వెలుగోడు, రుద్రవరం వైపు పెద్దపులి మాట వచ్చిందంటే ముప్పాతిక భాగం మగపులి గురించే. ఎంత పొడుగుంది, గాండ్రింపు ఎంత దూరం వినిపించింది అని. నిజానికి అడవిలో పులుల లెక్క పెరగాలన్నా తరగాలన్నా పిల్లలున్న ఆడపులి మీదే ఆధారపడి ఉంటుంది. ఒక ఈత పిల్లలు సొంతంగా వేటాడుకునే దాకా దానికి 18 నుంచి 24 నెలలు పడుతుంది. ఈ గడువులో జరిగే నష్టాల్లో చాలావరకు తెలియకపోవడం వల్ల జరిగేవే.

అపోహ: కూనలు ఒంటరిగా కనిపిస్తే తల్లి వదిలేసినట్టే.

కానే కాదు. పుట్టినప్పుడు కూన కిలో అటూ ఇటూ బరువుంటుంది. కళ్లు తెరవడానికే వారం రెండు వారాలు కావాలి. రెండు నెలలు నిండేదాకా తల్లి వెంట నడవలేదు. తల్లికేమో వేట తప్పదు. అందుకని పొదలోనో బండల సందులోనో పిల్లల్ని దాచి వెళ్తుంది, వేట దొరక్కపోతే రావడం ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి: దాపు మార్చేటప్పుడు పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మీకు రెండు కూనలు కనిపించాయంటే మిగతావి అప్పటికే కొత్త చోటికి చేరి ఉండొచ్చు, తల్లి తిరుగుదారిలో ఉండొచ్చు. అంటే మీరు నిలబడ్డది చాలా ప్రమాదమైన చోట.

చేయాల్సింది ఇదీ. వచ్చిన దావనే వెనక్కి పోండి. ఫోటో కోసం ఆగొద్దు. దూరం వచ్చాక ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని అటవీశాఖ బీట్ ఆఫీసరుకు చెప్పండి. ఊళ్లో కుక్కల్ని కట్టేయించండి, గొర్లను అటు తోలనివ్వొద్దు. సిబ్బంది చేయాల్సిన పని కూడా తక్కువే: జంతువు ఎదురుగా వస్తే తనంతట తానే ఫోటో తీసే కెమెరాలు బిగించి వెంటనే తప్పుకోవడం, జనాన్ని ఆపడం, రాత్రంతా అటు లైటు పడకుండా చూడటం. ఎవరైనా కూనల్ని అప్పటికే ఎత్తుకొచ్చి ఉంటే, ఎత్తిన చోటే చీకటి పడకముందు తిరిగి పెట్టాలి.

మనిషి వాసన తగిలితే తల్లి పిల్లల్ని చంపేస్తుందనే మాట కూడా తరచూ వినిపిస్తుంది. తల్లిని ఆపేది చేతి వాసన కంటే ఎక్కువగా జనం అలికిడి, టార్చిలైట్లు, బండ్ల చప్పుడు. పులి దగ్గర దాకా వచ్చి కూడా గుంపును చూసి మళ్లిపోతుంది. 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడకూనలు దొరికాయి. తల్లితో కలపాలని చేసిన ప్రయత్నాలు ఫలించక వాటిని తిరుపతి జూకు పంపాల్సి వచ్చింది. గ్రామస్థులు వాటిని కాపాడాలనే చూశారు. కానీ ఇలాంటప్పుడు మొదటి కొన్ని గంటలే కీలకం, అవి పోతే మళ్లీ రావు.

ఆవుపాలు పట్టడం ఇంకో పొరపాటు. పులిపాలలో కొవ్వు, మాంసకృత్తులు చాలా ఎక్కువ. ఆవుపాలు ఆ లోటు తీర్చవు సరికదా, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోతుంది. వెల్లకిలా పట్టుకుని సీసాతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చల్లబడిన కూనకు ముందు కావాల్సింది వెచ్చదనం, ఆ తర్వాతే ఆహారం. అది కూడా పశువైద్యుడి చేతి మీదుగా.

అపోహ: జూలో పెంచి పెద్దయ్యాక అడవిలో వదిలేస్తే సరి.

జాతీయ పులుల సంరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం అనాథ కూనను అడవిలో వదలాలంటే రెండేళ్లు నిండాలి, అడవిలోనే కట్టిన పెద్ద ఆవరణలో కనీసం 50 జంతువులను సొంతంగా వేటాడి ఉండాలి. మనిషిని చూస్తే తప్పుకునే గుణమూ ఉండాలి. చేత్తో తిండి పెట్టి పెంచినది మనిషి దగ్గరికి పోతే తిండి దొరుకుతుందనే అనుకుంటుంది. అలాంటిదాన్ని వదిలితే అది వచ్చేది ఊరివైపే.

అపోహ: తండ్రిపులి పిల్లల్ని చంపి తింటుంది.

చంపేది సాధారణంగా కొత్తగా వచ్చిన మగపులి. పిల్లలు పోతే ఆడపులి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది, ఆ కొత్త మగపులి లెక్క అదీ. సొంత పిల్లల జోలికి తండ్రి మామూలుగా పోదు. 2011లో రాజస్థాన్‌లోని రణతంభోర్‌ అడవిలో తల్లి చనిపోయిన రెండు ఆడకూనలను ఒక మగపులే కనిపెట్టుకుని ఉంది. కాబట్టి ఉన్న మగపులి ఉచ్చులో పడి చచ్చిపోతే పోయేది ఒక్క ప్రాణం కాదు. ఖాళీ అయిన చోటికి కొత్తది వస్తుంది, ఆ చుట్టుపక్కల చిన్న కూనలన్నిటికీ గండమే.

అపోహ: ఉచ్చు పందులకు పెట్టింది, పులికేం కాదు.

బండి క్లచ్ తీగతో వేసిన ఉచ్చు పందిని, దుప్పిని, పులిని వేరు చేసి చూడదు. లాగేకొద్దీ బిగిసి ఎముక దాకా కోస్తుంది. తెంచుకుని బయటపడినా కాలు కుళ్లుతుంది. పెద్దపులికి ఏడాదికి దుప్పిపాటి జంతువులు సుమారు 50 కావాలి, పిల్లలుంటే ఇంకా ఎక్కువ. కుంటికాలితో అది సాధ్యం కాదు. తల్లి బతికినా ఏడాది నిండని పిల్లలు ఆకలికి పోతాయి.

ఉచ్చుల కోసం వెతికేటప్పుడు దారి వెంట నడిస్తే ఏమీ దొరకదు. ఐదారుగురు అడ్డంగా వరుస కట్టి, నాలుగైదు మీటర్ల ఎడంతో నడవాలి. చేను కంచె సందులు, వాగు దాటే చోట్లు, సాసర్ పిట్లకు (జంతువులు తాగడానికి కట్టిన నీటి తొట్లకు) పోయే జంతువుల బాటలు ముందు చూడాలి. బాటకు రెండు పక్కలా కంప అడ్డం వేసి మధ్యలో సందు వదిలారంటే అక్కడ తీగ ఉన్నట్టే. తీసిన తీగను పొదలో పారేయకుండా ముక్కలు చేసి అటవీ సిబ్బంది క్యాంపుకు తేవాలి, లేకపోతే రెండోరోజు అదే తీగ మళ్లీ కట్టి ఉంటుంది.

చేను చుట్టూ కరెంటు తీగ లాగడం ఇంకా ఘోరం. దానికి పులి ఎంతో, తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చే పక్కచేని రైతూ అంతే. సోలార్ కంచె వేరు, అది ఆగి ఆగి చిన్న షాక్ కొడుతుంది, చంపదు. పులిని వేటాడిన నేరానికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా.

అపోహ: పశువును చంపిన పులి రేపు మనిషిని తింటుంది.

అడవి అంచున మేసే ఆవు పులికి సులువైన వేట, అంతే. పులి సాధారణంగా వెనక తొడల నుంచి తినడం మొదలుపెడుతుంది, చిరుత ఎక్కువగా కడుపు వైపు నుంచి. కళేబరాన్ని కదిలించొద్దు, చర్మం తీయొద్దు. అదే రోజు అటవీ సిబ్బందికి, పశువైద్యుడికి చూపించి పంచనామా రాయిస్తేనే పరిహారం నిలబడుతుంది. కోపంతో దాని మీద పురుగుమందు చల్లితే రాత్రి తినడానికి వచ్చేది తల్లి ఒక్కటే కాదు, వెనకాలే పిల్లలూ వస్తాయి.

అపోహ: పులి వానాకాలంలోనే ఈనుతుంది.

ఏ నెలలోనైనా ఈనుతుంది. గర్భం సుమారు 103 రోజులు.

అపోహ: అడుగుజాడ చూస్తే ఎన్ని పులులో చెప్పేయొచ్చు.

వెనకకాలి ముద్ర చతురస్రంలా ఉంటే మగది, కాస్త కోలగా ఉంటే ఆడది అనేది మంచి ఊహే, లెక్కకు మాత్రం చాలదు. అదే కాలు ఇసుకలో ఒకలా, బురదలో ఒకలా పడుతుంది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో పులులే మిగల్లేదని బయటపడ్డాక ఆ లెక్క పక్కకు పోయింది. ఇప్పుడు చారలే ఆధారం. కుడి ఎడమ పక్కల చారలు వేరు కాబట్టి బాటకు రెండు వైపులా కెమెరాలు కావాలి, మోకాలి ఎత్తులో, ఒకదాని ఫ్లాష్ ఇంకోదానిలో పడకుండా కాస్త పక్కకు. ముందున్న గడ్డి కోయకపోతే గాలికి ఊగిన ప్రతిసారీ ఫోటో తీసి బ్యాటరీ అయిపోతుంది. మన ఎండాకాలం ఇంకో చిక్కు: బయటి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరయ్యేసరికి సెన్సార్ గుర్తించడం తగ్గుతుంది. 2018 అంచనాలో రాష్ట్రానికి 48, 2022లో 63 అని వచ్చాయి. ఏడాది నిండని కూనలు ఈ అంకెల్లో ఉండవు.

కెమెరాకు పాలతో నిండిన చన్నులున్న ఆడపులి చిక్కితే అక్కడ ఇంకో కెమెరా పెట్టొద్దు, గస్తీ దారినే పక్కకు మార్చాలి. దాపు ఎక్కడుందో కెమెరా కన్నా ముందు పసిగట్టేది బేస్ క్యాంపులో ఉండే చెంచు ట్రాకర్లు (జాడలు పట్టేవాళ్లు). ఒకే వాగు నుంచి ఒకే గుట్టకు అడుగులు వచ్చిపోయి ఉన్నాయా, కొండముచ్చులు రోజూ ఒకే చోట అరుస్తున్నాయా అని చూస్తారు. వాళ్లు "ఆ పక్క పోవద్దు" అన్నాక ఆత్మకూరు నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచే ఉగాది భక్తులైనా సరే, బాట దిగకూడదు.