కీమో తర్వాత వచ్చే జ్వరం

గుంటూరులో మే నెలలో ఒళ్ళు వెచ్చబడితే ఎవరూ కంగారుపడరు. వడదెబ్బ అంటారు, మజ్జిగ తాగించి పారాసిటమాల్ బిళ్ళ వేస్తారు. క్యాన్సర్‌కు కీమో చేయించుకుని పది రోజులైన మనిషికి మాత్రం ఈ ఇంటివైద్యం ప్రాణం మీదికి తెస్తుంది.

కీమో మందులు చాలావరకు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. ఎముక మూలుగలో రక్తకణాలను పుట్టించేవీ ఆ కోవవే. అందుకే సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాల కౌంట్ అడుగంటుతుంది. వాటిలో క్రిములతో ముందుగా పోరాడే న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే చిత్రమైన పరిస్థితి. చీము అంటే చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు పుండు చీము పట్టదు. నిమ్ము చేరినా తొలి ఎక్స్‌రేలో మచ్చ కనిపించకపోవచ్చు. ఇంట్లో దొంగ పడితే అరిచేది జ్వరం ఒక్కటే. మనం బిళ్ళ వేసి దాని నోరు నొక్కేస్తున్నాం.

థర్మామీటరు ఒక్కసారి 101 డిగ్రీలు చూపినా, 100.4 గంటసేపు దిగకపోయినా బయలుదేరాల్సిందే. ఆస్పత్రి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. ఏ క్రిమి ఉందో పెంచి చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీస్తారు కానీ రిపోర్టు కోసం ఆగరు, అది రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మాచర్ల వైపు నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లు పైనే. కాబట్టి ఎవరికి ఫోను చేయాలో, దారిలో ఏ ఆస్పత్రి ఉందో కీమో రోజునే అడిగి పెట్టుకోవడం మంచిది.

ఆలస్యమైతే రక్తపోటు పడిపోతుంది, ఊపిరి అందదు. ఇక ఐసీయూ. బీపీ నిలబెట్టడానికి నారడ్రినలిన్, ముక్కు గొట్టాల ద్వారా నిమిషానికి 60 లీటర్ల దాకా వెచ్చని, తేమ గల ఆక్సిజన్ కలిసిన గాలి, అదీ చాలకపోతే వెంటిలేటర్. ‘వెంటిలేటర్ ఎక్కించారంటే ఇక అంతే’ అని బయట బెంచీ మీద ఎవరో ఒకరు అంటారు. వాళ్ళను తప్పుపట్టలేం, ఒకప్పుడు చాలామంది వైద్యులూ అలాగే అనుకుని క్యాన్సర్ రోగికి ఐసీయూ మంచం ఇవ్వడానికి వెనుకాడేవారు. 2007లో వెలువడిన ఒక ఫ్రెంచి అధ్యయనం ఆ ఆలోచనను కదిలించింది. ఎవరు బతుకుతారో, అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో చూపే లెక్కల్లో చేరిన రోజువాటికన్నా ఆరో రోజువి బాగా చెప్పాయి. అంటే కొన్ని రోజులు పూర్తి వైద్యం చేసి, అప్పుడు మళ్ళీ తూచాలి. వాడదగ్గ క్యాన్సర్ మందులన్నీ వాడేసి నెలలుగా మంచం పట్టినవారికి ఇది వర్తించదు, అక్కడ నొప్పి తెలియకుండా చూడటమే అసలు వైద్యం.

అందుకే ఐసీయూ డాక్టరు క్యాన్సర్ ఏ దశలో ఉందని అడగడంతో ఆగరు. ‘పోయిన వారం ఎలా ఉన్నారు?’ అని కూడా అడుగుతారు. ‘బ్రాడీపేట దాకా నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చారండీ’ అన్న జవాబును కేస్ షీటులో రాసుకుంటారు.