గోల్డ్ అన్నచోటల్లా బంగారం ఉండదు: ఓ ఇంగ్లిష్ టీచర్ రాసుకున్న అపోహలు, వాస్తవాలు

"మా తాత కోలార్‌లో గోల్డ్ డిగ్గర్" అని కుప్పం నుంచి వచ్చిన ఓ కుర్రాడు మాక్ ఇంటర్వ్యూలో ఎంతో గర్వంగా చెప్పాడు. ఎదురుగా కూర్చున్నది నేను కాబట్టి సరిపోయింది. గోల్డ్ డిగ్గర్ అంటే ఇప్పటి ఇంగ్లిషులో డబ్బు చూసి ప్రేమ నటించే మనిషి, ఎక్కువగా ఆడవాళ్లని కించపరచడానికే వాడతారు. ఒకప్పుడు గనులు తవ్వేవాళ్లనే అలా పిలిచేవాళ్లు, 1850లలో ఆస్ట్రేలియాలో బంగారం కోసం పరిగెత్తినవాళ్లంతా డిగ్గర్లే, తర్వాత అర్థం జారిపోయింది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి, అప్పటికి వాటి లోతు మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతుకి దిగి పనిచేసిన మనిషి గురించి మనవడి నోట ఆ మాట రావడం నాకు చాలా బాధనిపించింది. "హి వర్క్‌డ్ ఇన్ ది గోల్డ్ మైన్స్" అని మళ్లీ చెప్పించాను, ఆ వాక్యం చెప్తున్నప్పుడు వాడి వీపు ఇంకొంచెం నిటారుగా అయింది.

ఇన్నేళ్లుగా క్లాసులో నాకు ఎదురవుతున్న పొరపాట్లు చాలావరకు ఇలాంటివే. అర్థం తెలుసు, పర్యాయపదాల లిస్టు కూడా కంఠతా వచ్చు, కానీ ఏ మాట ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ చెప్పలేదు.

అపోహ: గోల్డ్, గోల్డెన్ రెండూ ఒకటే.

కాదు. వస్తువు బంగారంతో చేసిందయితే గోల్డ్ చెయిన్, గోల్డ్ రింగ్, గోల్డ్ కాయిన్ అంటాం. రంగు గురించి చెప్పాలన్నా, మంచి అవకాశం లాంటి అర్థంలో వాడాలన్నా గోల్డెన్: గోల్డెన్ హెయిర్, గోల్డెన్ ఛాన్స్. "గోల్డెన్ చెయిన్ కొన్నాను" అంటే తప్పని కొట్టేయలేం గానీ, వినేవాళ్లకి రంగు ముందు తడుతుంది, లోహం కాదు. మళ్లీ గోల్డ్‌ఫిష్‌లో చూడండి, ఉన్నది రంగే అయినా పేరు మాత్రం గోల్డే. అలాంటివి విని పట్టుకోవాల్సిందే.

అపోహ: గిల్ట్ అంటే నకిలీ.

ఇది నాకు బాగా ఇష్టమైన మాట, కాస్త ఓపిగ్గా చదవండి. "అవి బంగారం కాదులే, గిల్టు నగలు" అని మన ఇళ్లలో పెదవి విరుస్తారు కదా, ఆ గిల్టు ఇంగ్లిషు మాటే. గిల్డ్ అంటే బంగారు పూత పూయడం, పూత పూసినది గిల్ట్. ఇంగ్లిషులో దానికి మోసం అనే వాసన లేదు, ఫొటో ఫ్రేముకీ పాత పుస్తకాల అంచులకీ గిల్ట్ అంటే అందమే. అంతకన్నా విచిత్రం, బ్రిటన్ ప్రభుత్వం అమ్మే బాండ్లకి పేరే గిల్ట్స్! పూర్వం ఆ పత్రాల అంచులకి బంగారు పూత ఉండటం వల్ల గిల్ట్ ఎడ్జ్‌డ్ అనేవాళ్లు, అదే గిల్ట్స్‌గా మిగిలింది. మన దగ్గర కూడా గిల్ట్ ఫండ్ అంటే కనీసం 80 శాతం డబ్బు ప్రభుత్వ బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్. బ్యాంకులో ఉద్యోగం చేసే మా స్టూడెంట్ ఒకామె ఈ సంగతి విని, "సార్, మా అత్తయ్య గిల్ట్ అనే పేరు వినే ఆ ఫండ్ వద్దన్నారు" అంది. మాట మనింటికి వచ్చేసరికి విలువ పోగొట్టుకుంది, పుట్టింట్లో మాత్రం నమ్మకానికి పేరు.

రోల్డ్ గోల్డ్ కథా అంతే. నిజానికి అది ఓ తయారీ పద్ధతి పేరు, ఇత్తడి లాంటి లోహం మీద పల్చటి బంగారు రేకుని అదిమి అతికిస్తారు. కరెంటుతో పూత వేసేది గోల్డ్ ప్లేటెడ్, అది వేరు. మనం అన్నింటినీ కలిపి రోల్డుగోల్డు అనేశాం.

అపోహ: బులియన్ అంటే బంగారానికి ఇంకో పేరు. కాదు, కడ్డీలుగా, మొత్తంగా లెక్కపెట్టే బంగారమైనా వెండైనా బులియనే. మెడలో గొలుసుని బులియన్ అనరు.

క్యారెట్ గోల ఇంకోటి. రాళ్ల బరువుకి వాడే క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, బంగారం స్వచ్ఛతకి వాడేది 24లో ఎన్ని భాగాలు అనే లెక్క, 22ని 24తో భాగిస్తే వచ్చే 0.916నే వెయ్యికి 916 పాళ్లు అని చెప్తారు. అమెరికన్లు బంగారానికి కె అక్షరంతో, రాళ్లకి సి అక్షరంతో రాస్తారు, బ్రిటిష్‌వాళ్లు రెండింటికీ సి రాస్తారు. తెలుగు లిపిలో ఈ తేడా కనపడదు, కూరగాయల క్యారెట్‌తో సహా!

అపోహ: గోల్డెన్ హ్యాండ్‌షేక్ అంటే ఘనమైన సన్మానం. ఓ రిటైర్మెంట్ ఆహ్వాన పత్రికలో ఈ మాట అచ్చువేయించడం నేనే చూశాను. ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లకి కంపెనీ ఇచ్చే పెద్ద మొత్తం అది, మన పేపర్లు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) గురించి రాసేటప్పుడు వాడేది కూడా ఈ అర్థంలోనే. శాలువాకీ దానికీ సంబంధం లేదు.

బంగారానికి తావి అబ్బినట్టు అని మనం మెచ్చుకుంటాం కదా, దాన్ని ఇంగ్లిషులోకి తెద్దామని "గిల్డింగ్ ది లిలీ" అని రాస్తే అర్థం తిరగబడుతుంది. అందంగా ఉన్న పువ్వుకి అనవసరంగా పూత పూసి పాడుచేయడం అది. షేక్‌స్పియర్ కింగ్ జాన్ నాటకంలో మేలిమి బంగారానికి పూత పూయడం, లిలీకి రంగు వేయడం అని విడివిడిగా ఉన్న రెండూ జనం నోట్లో ఒకటైపోయాయి.

అపోహ: గోల్డ్‌కీ మన మాటలకీ చుట్టరికం లేదు. సంస్కృత హిరణ్యం, ఇంగ్లిషు గోల్డ్, ఎల్లో, మూడూ ఒకే ప్రాచీన ధాతువు నుంచి వచ్చాయని భాషావేత్తలు చెప్తారు. అటు ఎల్లో, గోల్డ్ అక్కచెల్లెళ్లయితే ఇటు మన పసుపు, పసిడి కూడా అంతే. రెండు భాషలూ బంగారాన్ని ముందు రంగుతోనే గుర్తుపట్టాయి!

ఇక చివరిది, అందరూ అడిగేది: పిల్లల్ని "బంగారం" అని పిలవడానికి ఇంగ్లిషులో ఏమనాలి? "మై గోల్డ్, కమ్ హియర్" అని మాత్రం అనకండి, అక్కడ పిలుపుకి స్వీట్‌హార్ట్, డార్లింగ్ ఉన్నాయి. పిల్లాడు అల్లరి చేయకుండా బుద్ధిగా ఉన్నాడని చెప్పాలంటే "యాజ్ గుడ్ యాజ్ గోల్డ్" అంటారు. డాలస్‌లో మనవణ్ణి చూసుకోవడానికి వెళ్లబోతూ నా దగ్గర రెండు నెలలు నేర్చుకున్న ఒక పెద్దావిడ, డేకేర్ టీచరుతో ఈ మాట వాడానని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ మెసేజ్ చివర్లో "దా బంగారం, షూ వేసుకుందాం" అని తెలుగులో మనవణ్ణి పిలవడం కూడా వినపడింది.