"అదే సినిమా కదా, ఇంట్లో చూద్దాం": ఆపరేటర్ క్యాబిన్ నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఆదివారం మ్యాట్నీకి ముందు టీ తాగుదామని మా సినిమా హాల్లో ప్రొజెక్టర్ క్యాబిన్ దిగి కిందికి వచ్చాను. కౌంటర్ దగ్గర ఒక కుటుంబం నిలబడి ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. పెద్దావిడ అప్పటికే గేటు దాకా వెళ్ళి పోస్టర్ చూస్తోంది. చేతిలో గుడ్డ సంచీ, అందులో మంచినీళ్ళ సీసా, మడతపెట్టిన శాలువా. ఆయన రేట్ల బోర్డు చూశాడు, ఫోన్ తీసి ఏదో లెక్క వేసుకున్నాడు, "నాలుగు వారాలు ఆగితే ఓటీటీలో వస్తుందమ్మా, అదే సినిమా కదా, ఇంట్లో చూద్దాం" అన్నాడు. ఆవిడ "సరేలే నాన్నా" అని వెనక్కి తిరిగింది. ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

డబ్బు లెక్క చూసుకున్నందుకు ఆయన్ని తప్పు పట్టను. ఐదుగురికి టికెట్లు, ఇంటర్వెల్‌లో పిల్లలకి ఏదో ఒకటి కొనాలి, రానూపోనూ ఆటో, మధ్యతరగతి ఇంటికి అది చిన్న ఖర్చేమీ కాదు. నన్ను బాధపెట్టింది "అదే సినిమా" అన్న మాట. వారానికి పదిసార్లు వింటాను ఈ మాట, చుట్టాల దగ్గర, టీ కొట్టు దగ్గర, చివరికి హాలు యజమానుల నోట కూడా.

నేను 1997లో అసిస్టెంట్ ఆపరేటర్‌గా చేరాను. అప్పట్లో మా ప్రొజెక్టర్లలో వెలుగుకి కార్బన్ పుల్లలే. రెండు పుల్లల మధ్య మంట నిలబెట్టాలి, అవి అరిగేకొద్దీ దగ్గరికి జరపాలి, కాస్త ఏమరుపాటుగా ఉంటే తెర మసకబారేది, కింద నుంచి అరుపులు. తర్వాత జెనాన్ ల్యాంప్ వచ్చింది, తర్వాత రీళ్ళు పోయి డిజిటల్ వచ్చింది. నేను పనిలో చేరిన రోజునే మా మేనమామ "ఈటీవీ, జెమిని వచ్చి రెండేళ్ళయింది, ఇంకెవడొస్తాడ్రా హాలుకి, వేరే పని నేర్చుకో" అన్నాడు. సీడీలు వచ్చినప్పుడు అదే మాట, ఫోన్‌లో సినిమా వచ్చినప్పుడు అదే మాట, 2020లో నెలల తరబడి తాళాలు పడినప్పుడైతే ఇక చెప్పక్కర్లేదు. మూతపడిన హాళ్ళు చాలా ఉన్నాయి, కాదనను. మా ఊళ్ళోనే ఒకటి కల్యాణ మండపం అయింది. కానీ జనానికి హాలు మీద మోజు తీరిపోయిందనేది మాత్రం పుకారు. రోజూ క్యాబిన్ కిటికీలోంచి నేను చూసేదానికీ ఆ పుకారుకీ పొంతనే లేదు.

అపోహ: ఇంట్లో పెద్ద టీవీ, మంచి సౌండ్ బార్ ఉంటే ఇక హాలుతో పనేముంది?

వాస్తవం: ముందు ఒక విషయం ఒప్పుకుంటాను. బొమ్మ నాణ్యత ఒక్కటే లెక్కయితే మీ టీవీ మాతో బాగానే పోటీ పడుతుంది. మా హాల్లో ఉన్నది 2కే ప్రొజెక్టర్, అడ్డంగా 2048, నిలువుగా 1080 చుక్కలు. మీ ఇంట్లో 4కే టీవీ ఉంటే అందులో దాదాపు నాలుగు రెట్ల చుక్కలున్నాయి. వెలుగు సంగతి చూస్తే, సినిమా తెర మధ్యలో ఇంత ఉండాలి అని పెట్టుకున్న ప్రమాణం 48 నిట్లు (తెర వెలుగుని కొలిచే లెక్క). మామూలు టీవీ కూడా అంతకు ఐదారు రెట్లు వెలుగుతుంది. చీకట్లో కూర్చుంటాం కాబట్టి, తెర కళ్ళ నిండా పరుచుకుంటుంది కాబట్టి మనకి ఆ తేడా తెలియదు, అంతే. పెద్ద తెరకి విలువ లేదని అనడం లేదు, సూళ్ళూరుపేటలో ఉన్న వందడుగుల తెర కోసం చెన్నై నుంచి కార్లు వేసుకుని వచ్చేవాళ్ళున్నారు. కానీ మా హాలు లాంటి మామూలు హాలుకి కూడా జనం వస్తున్నారంటే వాళ్ళు తెర ఒక్కదాని కోసం రావడం లేదన్నమాటే కదా.

మరి దేనికి వస్తున్నారు? కిటికీలోంచి చూసింది చెప్తాను. ఒక కామెడీ సీను. సోమవారం మార్నింగ్ షోకి పద్నాలుగు మంది ఉన్నారు. సీను వచ్చింది, ఒకాయన ముసిముసిగా నవ్వాడు, మిగతావాళ్ళు ఊరికే చూశారు. అదే సీను ముందురోజు ఫస్ట్ షోకి, హాలు నిండా జనం. నవ్వు కింద క్లాసులో మొదలై బాల్కనీ దాకా పాకింది, బాల్కనీలో ఒకావిడ ఆపుకోలేక గట్టిగా నవ్వేసరికి ఆవిణ్ణి చూసి కింద మళ్ళీ మొదలైంది, తర్వాత రెండు డైలాగులు ఎవరికీ వినపడలేదు, ఎవరికీ వినాలనీ లేదు. అదే ఫైలు, అదే ల్యాంప్. నేను మార్చింది ఒక్కటే, సౌండ్ ఫేడర్ కాస్త పెంచాను. ఎందుకంటే నిండు హాల్లో మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. ఖాళీ హాల్లో అదే లెవెల్ పెడితే గోడలు మోగుతాయి. పక్కన మనిషి ఉంటే హాల్లో సౌండే మారిపోతుంది, ఇక మీ నవ్వు మారకుండా ఉంటుందా?

2022 ఆగస్టులో పోకిరి మళ్ళీ వేసిన రోజులు గుర్తున్నాయా? 2006 సినిమా. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు, ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు, డైలాగులన్నీ నోటికొచ్చు. అయినా హాళ్ళు నిండాయి. అది విడుదలైనప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు వచ్చి ఈలలు వేశారు. కథ ఏమవుతుందో తెలుసుకోవడానికే హాలుకి వస్తారనుకునేవాళ్ళు దీనికేం చెప్తారు?

ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. అది నాకు మా అమ్మ వల్ల తెలిసింది.

నాన్న పోయాక అమ్మ సినిమాకి రావడం మానేసింది. నేను పనిచేసేది హాల్లో, అయినా నేనూ అడగలేదు, ఇంట్లో టీవీ ఉందిగా అనుకున్నాను. 2010 జనవరిలో మాయాబజార్ రంగుల్లో విడుదలైంది. 1957 సినిమా, అమ్మ పెళ్ళికి ముందు వాళ్ళ ఊళ్ళో టూరింగ్ టాకీస్‌లో చూసింది, తర్వాత టీవీలో ఎప్పుడొచ్చినా పెట్టుకునేది. మా హాల్లో వేయలేదు, సెలవు పెట్టి విజయవాడ తీసుకెళ్ళాను. "చూసిన సినిమాకి బస్సు ఛార్జీలు ఎందుకురా" అంటూనే వచ్చింది. ఎస్.వి.రంగారావు తెరమీదికి రాగానే హాలంతా చప్పట్లు. భోజనం పాటకి వెనక వరుసలో ఎవరో గొంతు కలిపారు, తర్వాత మా వరుసలో, తిరిగి చూస్తే మా అమ్మ కూడా పాడుతోంది. పదిమందిలో ఆవిడ పాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి, చివరి వరకూ కదలకుండా కూర్చుంది.

తిరుగు బస్సులో అంది: "పెళ్ళయ్యాక ఇదే మొదటిసారిరా మొత్తం చూడటం. ఒక్కసారి కూడా లేవలేదు."

ఆ మాటకి నేనేం చెప్పాలో తెలియలేదు. ఇంట్లో ఆ సినిమా ఎన్నిసార్లు వచ్చినా ఆవిడ కుక్కర్ కూత కోసం లేచింది, గుమ్మంలో కూరగాయల వాడి కోసం లేచింది, "అమ్మా మంచినీళ్ళు" అని నేను పిలిస్తే లేచింది. ముప్ఫై ఏళ్ళు ముక్కలు ముక్కలుగా చూసింది. మేము సినిమా అమ్ముతున్నామని అప్పటిదాకా అనుకున్నాను. ఆవిడకి దొరికింది మూడు గంటలపాటు ఎవరూ లేపని ఒక కుర్చీ.

అందుకే మొన్న కౌంటర్ దగ్గర నుంచి వెనక్కి వెళ్ళిన పెద్దావిడ గురించి ఇంతగా చెప్తున్నాను. నాలుగు వారాలు ఆగుతారు, సినిమా ఇంట్లోకి వస్తుంది, నిజమే. ఆయనకి ఆఫీసు ఫోన్ వస్తుంది, పాజ్ చేస్తారు. పిల్లలు అరగంట చూసి వేరే గదిలోకి పోతారు. కోడలు రేపటికి పప్పు నానబోయాలని లేస్తుంది, పెద్దావిడ పాలు తోడుపెట్టడానికి లేస్తుంది. మిగతాది రేపు చూద్దాం అంటారు, ఆ రేపు రాదు. ఇలాంటి ఇళ్ళు నాకు చాలా తెలుసు. ఇందులో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఇంట్లో ఎప్పుడూ లేచి తిరిగే మనిషే. ఒకప్పుడు మ్యాట్నీ అంటేనే ఆడవాళ్ళ ఆట, లేడీస్‌కి వేరే కౌంటర్, కింద క్లాసుల్లో వేరే వరుసలు ఉండేవి. వంట ముగించుకుని ఇరుగుపొరుగు నలుగురు కలిసి వచ్చి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవాళ్ళు. అది వాళ్ళ సెలవు. టీవీ కొనిచ్చి ఆ సెలవు మనమే తీసేశాం, నేను కూడా.

ఇక మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఒంటరిగా సినిమాకి వెళ్తే బాగోదంటారు. ఎవరన్నారు? మా హాలుకి ప్రతి మంగళవారం మ్యాట్నీకి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒక్కరే వస్తారు, ఏ సినిమా ఆడుతుందో కూడా ముందు అడగరు. తోడు దొరికేదాకా ఆగితే ఆ వయసులో ఎన్ని సినిమాలు పోతాయో ఆలోచించండి. లైట్లు ఆర్పాక ఎవరు ఎవరితో వచ్చారో క్యాబిన్‌లో ఉన్న నాకే కనపడదు.

"నాన్నగారికి స్టెంట్ వేశారు, ఆ సౌండ్ తట్టుకుంటారా?" అని ఫోన్ చేసి అడిగేవాళ్ళున్నారు. అడగడం మంచిదే, సిగ్గుపడక్కర్లేదు. గుండె సంగతి మీ డాక్టర్ని అడగండి, అది నేను చెప్పేది కాదు. సౌండ్ సంగతి మాత్రం చెప్పగలను. పెద్ద స్పీకర్లు తెర వెనకే ఉంటాయి, తెరకి కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి, సౌండ్ అందులోంచి వస్తుంది. మిగతావి పక్క గోడలకీ వెనక గోడకీ ఉంటాయి. కాబట్టి గోడలకీ తెరకీ దూరంగా, నడిచే దారి పక్క సీటు తీసుకోండి, ఇబ్బందనిపిస్తే లేచి బయటికి రావచ్చు. యాక్షన్ సినిమా వద్దు, మొదటి వారం వద్దు. చంటిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త, వాళ్ళ చెవులకి ఆ సౌండ్ నిజంగానే ఎక్కువ. ఏడిస్తే బయటికి తీసుకెళ్ళి మళ్ళీ రండి. పాప ఏడ్చిందని తల దించుకుని సగంలో వెళ్ళిపోయే తల్లుల్ని చూస్తుంటాను, వాళ్ళ వైపు విసుగ్గా తిరిగి చూసేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

2024 డిసెంబరులో హైదరాబాద్‌లో ఒక సినిమా హాలు దగ్గర జరిగిన తొక్కిసలాట తర్వాత కుటుంబాలతో రావడానికి భయపడుతున్నవాళ్ళున్నారు. ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ అది హీరో వచ్చిన ప్రీమియర్ రాత్రి. విడుదలైన ఐదో రోజు మ్యాట్నీకి ఆ రద్దీ ఉండదు. పిల్లలతో, పెద్దవాళ్ళతో ప్రీమియర్లకీ బెనిఫిట్ షోలకీ మాత్రం రాకండి. లోపలికి రాగానే బయటికి వెళ్ళే తలుపులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.

"ఆపరేటర్ సినిమా కట్ చేసేశాడు." ఈ పుకారు విని విని విసిగిపోయాను. రీళ్ళ కాలంలో షో టైము కోసం అలా చేసినవాళ్ళు లేకపోలేదు. ఇప్పుడు సినిమా తాళం వేసిన ఫైలుగా వస్తుంది, ఆ తాళంచెవి మా సర్వర్‌కి మాత్రమే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మాత్రమే పనిచేస్తుంది. అందులో ఒక్క సెకను కూడా నేను కోయలేను. మీరు చూసింది నిడివి తగ్గినట్టుంటే కోసింది సినిమా తీసినవాళ్ళు, మాకు కొత్త ఫైలు పంపింది వాళ్ళు.

ముందు వరుసలో కూర్చుంటే చూపు పోతుందనేది ఒట్టి మాట, మెడ నొప్పి మాత్రం వస్తుంది. చివరి వరుసే బెస్ట్ అని ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళు కూడా ఒకటి తెలుసుకోండి: సౌండ్ సరిచేసే టెక్నీషియన్ ముఖ్యంగా మైకు పెట్టుకునే చోటు తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండొంతుల దూరంలో, మధ్యలో ఉంటుంది. చివరి వరుసలో వెనక గోడ స్పీకర్ మీ తలమీదే ఉంటుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురావాలనుంటే బుధవారమో గురువారమో మ్యాట్నీకి రండి. మోకాళ్ళ నొప్పులుంటే ముందే ఫోన్ చేయండి, మెట్లెక్కక్కర్లేని వరుసలో సీటు చూసి ఉంచుతాం, లైట్లు ఆర్పకముందే కూర్చోబెట్టొచ్చు. ఏసీ చలిగా ఉంటుంది, శాలువా తెచ్చుకోమనండి. ఇంటర్వెల్‌లో మాత్రం మీ పెద్దావిడని లేవనివ్వకండి. టీ మీరే తెచ్చివ్వండి.