ఫర్రీలు, ఫర్‌సూట్లు: మనవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

నేను విజయనగరంలో ఫర్‌సూట్లు కుడతాను. జంతువుల తలలు, తోకలు, పంజాలు, పెద్ద ఆర్డరు వస్తే ఒళ్ళంతా కప్పే పూర్తి సూటు. కొనేవాళ్ళలో ఎక్కువమంది బయటి దేశాలవాళ్ళే, ఈ మధ్య బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి కూడా అడుగుతున్నారు. ఫర్రీలంటే తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్పాలంటే, మనిషిలా నిలబడి, మాట్లాడి, బట్టలు కట్టుకునే జంతు పాత్రలంటే ప్రాణం పెట్టేవాళ్ళు. వాటి బొమ్మలు గీస్తారు, కథలు రాస్తారు, కొందరు వేషం కడతారు, ఏడాదికోసారి కన్వెన్షన్ల పేరుతో ఒకచోట కలుస్తారు. ఈమధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక రీల్ తెగ తిరిగింది, దాని కింద "నువ్వు చేసేది వీళ్ళ కోసమేనా?" అని నన్నే అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

అపోహ: అమెరికా స్కూళ్ళలో ఫర్రీ పిల్లల కోసం బాత్రూముల్లో పిల్లులకి పెట్టే ఇసుక ట్రేలు పెట్టారు.

ఆ రీల్‌లో ఉన్నది ఇదే. ఇది పూర్తిగా అబద్ధం, పైగా ఎక్కడ పుట్టిందో కూడా తెలిసిన అబద్ధం. 2021 డిసెంబరులో మిషిగన్ రాష్ట్రంలోని మిడ్‌లాండ్‌లో స్కూల్ బోర్డు సమావేశం జరుగుతుంటే ఒకరు లేచి, మన స్కూల్లో ఇలాంటిది పెట్టారట కదా అన్నారు. ఆ వీడియో దేశమంతా పాకింది. 2022 జనవరిలో ఆ స్కూళ్ళ సూపరింటెండెంటే అలాంటిది ఎప్పుడూ లేదని బహిరంగంగా రాశారు. అయినా ఆగలేదు. మార్చిలో నెబ్రాస్కా రాష్ట్ర సెనేటర్ బ్రూస్ బోస్టెల్‌మన్ అక్కడి చట్టసభలోనే ఇదే మాట అని, తర్వాత అది నిజం కాదని తెలిసి క్షమాపణ చెప్పారు. 2025లో టెక్సస్‌లో అయితే స్కూళ్ళలో ఇలాంటివి నిషేధించాలని ఏకంగా ఒక బిల్లే పెట్టారు. ఒక్క స్కూల్లో కూడా ఫర్రీల కోసం అలాంటి ట్రే పెట్టినట్టు ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. కొలరాడోలో జెఫర్సన్ కౌంటీ అని ఒక స్కూల్ డిస్ట్రిక్టు ఉంది, 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ హైస్కూల్ దాంట్లోదే. అక్కడ క్లాసు గదుల్లో ఎమర్జెన్సీ బకెట్లు ఉంచుతారు, వాటిలో కొంచెం ఆ పిల్లుల ఇసుక కూడా ఉంటుంది. బయట తుపాకీతో ఎవరో తిరుగుతున్నారని తలుపులు మూసేసి గంటల తరబడి లోపలే ఉండిపోవాల్సి వస్తే, బాత్రూముకి వెళ్ళలేని పిల్లల కోసం అది. క్లాసు గదిలో ఆ ఇసుక నిజంగా ఉన్న చోట అది ఉన్న కారణం అదీ. రీల్ ఫార్వర్డ్ చేసే ముందు ఈ సంగతి ఒక్కసారి చదవండి.

అపోహ: వాళ్ళు తమను తాము జంతువులమనే అనుకుంటారు, అదొక మానసిక రోగం.

పైడితల్లి అమ్మవారి పండగకి మన ఊళ్ళో పులివేషాలు చూడనివాళ్ళు ఎవరు? డప్పు మొదలవగానే ఆ మనిషి నడక మారిపోతుంది, భుజాలు మారిపోతాయి, ముందు వరుసలో పిల్లలు జడుసుకుని వెనక్కి తగ్గుతారు. సాయంత్రానికి రంగు కడుక్కుని ఇంటికెళ్ళి అన్నం తింటాడు. ఆయన తాను పులినని నమ్ముతున్నాడని మనం ఎప్పుడూ అనలేదే. ఫర్రీల్లో కూడా చాలామందికి ఆ పాత్ర అనేది తాము కల్పించుకున్న ఒక రూపం, దానికో పేరు, రంగు, స్వభావం. దాన్ని ఫర్‌సోనా అంటారు. పరిశోధకులు కోర్ట్నీ ప్లాంట్, స్టీఫెన్ రేసెన్, షారన్ రాబర్ట్స్, క్యాథ్లీన్ గెర్బాసీ ఏళ్ళ తరబడి కన్వెన్షన్లకి వెళ్ళి సర్వేలు చేసి ఇదే రాశారు. తాము లోపల మనిషి కాదనే భావన ఉన్నవాళ్ళు కొద్దిమంది ఉంటారు, వాళ్ళని థీరియన్లు అంటారు, అది వేరే విషయం. రెండిటినీ కలిపి ఒకే ముద్ర వేయొద్దు.

అపోహ: ఫర్రీ అంటేనే బొచ్చు సూటు వేసుకునేవాడు.

సూటు ఉన్నవాళ్ళు తక్కువమందే. ఫొటోల్లో కనపడేది వాళ్ళే కాబట్టి మనకలా అనిపిస్తుంది. మిగతావాళ్ళు మామూలు టీషర్టులో, మెడలో ఒక బొమ్మ బ్యాడ్జితో, మహా అయితే నడుముకో తోకతో తిరుగుతారు. ఈ సంఘాన్ని నడిపించేది బొమ్మలు. కన్వెన్షన్‌లో డీలర్స్ డెన్ అని పెద్ద హాలు ఉంటుంది, చిత్రకారులు టేబుళ్ళు వేసుకుని కూర్చుంటారు, మీ పాత్ర వివరాలు చెబితే అక్కడికక్కడే గీసిచ్చేవాళ్ళూ ఉంటారు. ఆన్‌లైన్లో ఏడాది పొడవునా ఇదే జరుగుతుంది. డిజిటల్ బొమ్మలు బాగా వేయగలిగిన మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి ఇది నిజంగా పని దొరికే చోటు, నేను ఊరికే అనడం లేదు.

అపోహ: షాపు ఓపెనింగుకి నిలబెట్టే టెడ్డీబేర్ డ్రెస్సు లాంటిదేగా, రెండు మూడు వేలకి వచ్చేస్తుంది.

మా ఎదురింటి పిన్ని వచ్చి బల్ల మీదున్న నక్క తల చూసి, "ఏటే పాపా, దీనికా అన్నేసి డబ్బులిస్తన్నారు ఆళ్ళు?" అంది. పిన్నీ, నీకు చెప్పినట్టే అందరికీ చెబుతాను.

పూర్తి సూటు కావాలన్న మనిషి మా దగ్గరికి రాడు కదా, కొలతలెలా? అతను పాత బట్టలు వేసుకుని, పక్కన మనిషిని పెట్టుకుని, మెడ దగ్గర్నుంచి మడమ దాకా అంటుకునే డక్ట్ టేపు చుట్టించుకుంటాడు. బిగుతుగా చుట్టకూడదు, ఒంటరిగా అసలు చేయకూడదు. దాని మీద మార్కర్‌తో ఏ రంగు ఎక్కడ మొదలవాలో గీసి, వెనక వైపు కత్తిరించి విప్పి, మడిచి పార్సిల్ చేస్తాడు. మేం దాంట్లో పాత గుడ్డలు కూరి నిలబెడితే ఆ మనిషి ఒంటి కొలతే మా ముందు నిలబడుతుంది. కుట్టేదంతా దాని మీదే.

తల ఫోమ్‌తో చేస్తాం, సోఫాలు కుట్టేవాళ్ళు వాడే ఫోమే. కొందరు త్రీడీ ప్రింట్ చేసిన పుర్రె మీద కడతారు. ఫర్ క్లాత్‌ని కత్తెరతో కోస్తే పని చెడిపోయినట్టే, బొచ్చు కూడా తెగి అతుకు దగ్గర గడ్డం గీసినట్టు కనపడుతుంది. గుడ్డ తిరగేసి, వెనక వైపు నుంచి బ్లేడుతో అడుగు గుడ్డ మాత్రమే తెగేలా గీయాలి. మఖమల్ కుట్టిన టైలర్లకి వాలు సంగతి తెలుసు, ఇక్కడ ఆ వాలే ప్రాణం. ముక్కు మీద నుంచి నుదుటి వైపుకి, బుగ్గల మీద పక్కకి, మెడ మీద కిందికి, నిజం జంతువుకి ఎటు పడుకుంటుందో అటే పడుకోవాలి. ఒక్క ముక్క తిరగబడితే ఆ చోట రంగే మారినట్టు ఉంటుంది. కుట్టాక అతుకులో ఇరుక్కున్న బొచ్చుని సూదితో ఒక్కొక్క పాయ పైకి లాగి దువ్వుతాం. మూతి దగ్గర ట్రిమ్మర్‌తో కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి, ఎక్కువ తీస్తే మళ్ళీ పెట్టడానికుండదు.

కళ్ళు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. నల్ల గుడ్డు సన్నని జాలీ, దాని మీద పెయింటు వేస్తాం, దూరం నుంచి చూస్తే గాజు కన్నులా ఉంటుంది, లోపలి మనిషి ఆ రంధ్రాల్లోంచి చూస్తాడు. ఆ జాలీని తెల్లగుడ్డు కన్నా కాస్త లోపలికి, గుంటలో కూర్చోబెడితే మీరు గదిలో ఎటు వెళ్ళినా ఆ తల మిమ్మల్నే చూస్తున్నట్టు ఉంటుంది. మా దగ్గర పని చేసే అమ్మాయి మొదటిసారి అది చూసి, "అప్పా, ఇది నన్నే చూస్తందేటి?" అని అటూ ఇటూ నడిచింది. అప్పటి నుంచి కళ్ళ పని ఆమెదే, నాకన్నా బాగా చేస్తుంది.

ఇంత పని ఉంది కాబట్టే బయట పూర్తి సూటు ధర వేల డాలర్లలో ఉంటుంది. పేరున్న తయారీదార్ల దగ్గర ఆర్డరు ఇవ్వడానికే లైన్లో ఉండాలి.

అపోహ: కన్వెన్షన్లంటే తాగి తందనాలు, అదుపూ ఆజ్ఞా ఉండదు.

మొదటి ఫర్రీ కన్వెన్షన్ పేరు కాన్‌ఫరెన్స్, అది 1989 జనవరిలో కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో జరిగింది, వచ్చింది 65 మంది. దాన్ని నడిపిన ఇద్దరిలో మార్క్ మెర్లినో 2024లో చనిపోయారు. ఆంత్రోకాన్ అనే కన్వెన్షన్ 1997లో న్యూయార్క్ రాష్ట్రం ఆల్బనీలో మొదలై, 2006 నుంచి పిట్స్‌బర్గ్‌లో స్థిరపడింది. ఇప్పుడు 15 వేలు దాటి వస్తున్నారు. ఫర్‌సూట్ పరేడ్ రోజు ఊరి జనం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని రోడ్ల పక్కన నిలబడతారు, హోటళ్ళవాళ్ళు స్వాగతం బోర్డులు కడతారు. షికాగో పక్కన రోజ్‌మాంట్‌లో డిసెంబరులో జరిగే మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ కూడా అంతే పెద్దది. యూరప్‌లో యూరోఫరెన్స్ 1995 నుంచి ఉంది, చాలా ఏళ్ళు బెర్లిన్‌లో జరిగి 2023లో హాంబర్గ్‌కి మారింది. వీటిని నడిపేది ఎక్కువగా జీతం లేని వాలంటీర్లు. జంతు సంరక్షణ సంస్థల కోసం చందాలు పోగుచేయడం దాదాపు ప్రతి చోటా ఉంటుంది.

చెడు జరగలేదా అంటే జరిగింది, దాచను. అమెరికాలో సియాటిల్ దగ్గర జరిగిన రెయిన్‌ఫరెస్ట్ అనే కన్వెన్షన్‌లో కొంతమంది హోటల్‌ని పాడుచేసి, గొడవలు చేశారు. 2015 తర్వాత ఆ కన్వెన్షన్ మళ్ళీ జరగనే లేదు. ఫర్రీలే ఆ మనుషుల మీద మండిపడ్డారు, ఆ తర్వాత మిగతా చోట్ల నిర్వాహకులు మరింత జాగ్రత్త పడ్డారు.

వాళ్ళకి జరిగిన చెడు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2014 డిసెంబరులో మిడ్‌వెస్ట్ ఫర్‌ఫెస్ట్ జరుగుతున్న హోటల్లో అర్ధరాత్రి దాటాక ఎవరో మెట్ల దగ్గర క్లోరిన్ పొడి చల్లారు. గ్యాసు పట్టేసి 19 మంది ఆసుపత్రి పాలయ్యారు, వేలమంది చలిలో బయటికి వచ్చారు. ఆ వార్త చదువుతూ ఒక టీవీ యాంకర్ ఆపుకోలేక నవ్వేసింది. ఊపిరాడక ఆసుపత్రికెళ్ళినవాళ్ళని చూసి నవ్వొచ్చిందంటే, అది సూట్ల వల్ల కాదు, మనం ముందే వాళ్ళని మనుషుల లెక్కలోంచి తీసేయడం వల్ల.

దానికి పక్కనే ఇంకొకటి చెప్పాలి. 2016 మార్చిలో కెనడాలో వాంకూవర్ దగ్గర వ్యాంకూఫర్ అనే కన్వెన్షన్ జరిగింది. అదే హోటల్లో సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలకి ప్రభుత్వం బస ఇచ్చింది. నిర్వాహకులు ముందే సభ్యులందరికీ రాశారు, వీళ్ళు చాలా చూసి వచ్చారు, దగ్గరికి రావాలో వద్దో వాళ్ళనే నిర్ణయించుకోనివ్వండి అని. పిల్లలు లాబీలోకి దిగి, తోడేళ్ళనీ నక్కల్నీ చూసి ఆగలేకపోయారు, వాటేసుకున్నారు, ఫొటోలు దిగారు.

నియమాల సంగతికొస్తే, సూటు వేసుకున్నవాళ్ళకి కింద కాళ్ళు కనపడవు, పక్కలు కనపడవు. అందుకని తోడు ఒక మనిషి నడుస్తాడు, హ్యాండ్లర్ అంటారు, మెట్లు వస్తే చెప్పేది, పిల్లలు తోక లాగితే ఆపేది అతనే. తలలు తీసి సేదతీరడానికి విడిగా ఒక గది ఉంటుంది, పెద్ద ఫ్యాన్లు, మంచినీళ్ళు, ఫొటోలు తీయడం నిషేధం. ఎండల్లో మా వర్క్‌షాపులో ఒక్క తల పెట్టుకుని చూస్తేనే చెమట కళ్ళలోకి కారుతుంది. మన ఉక్కపోతలో పూర్తి సూటుతో ఆరుబయట తిరగాలని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. ఆర్డరు పోయినా సరే.

అపోహ: ఇదంతా బూతు వ్యవహారం.

పెద్దల కోసం గీసే బొమ్మలు ఈ సంఘంలో ఉన్నాయి, లేవని చెప్పను. కన్వెన్షన్లలో వాటికి విడిగా చోటు, 18 నిండినట్టు గుర్తింపు కార్డు చూపించాలి. ఎక్కువమంది వచ్చేది స్నేహితుల కోసం, బొమ్మల కోసం. మీ పిల్లలు ఇందులో ఉన్నారని తెలిస్తే ఫోన్ లాక్కోకండి, ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ గ్రూపుల్లో ఉన్నారో కూర్చుని అడగండి. ఏ ఆన్‌లైన్ గుంపుకైనా చేయాల్సింది అదే.

అపోహ: తెల్లవాళ్ళ పిచ్చి, మన దేశాల్లో ఎవరికీ పట్టదు.

జపాన్‌లో టొయొహాషీలో జేమాఫ్ అని పెద్ద కన్వెన్షన్ ఉంది, తైవాన్‌లో ఇన్ఫర్నిటీ ఉంది, థాయ్‌లాండ్‌లోనూ జరుగుతుంది. మన దేశంలో ఉన్నవాళ్ళు ఎక్కువగా ఆన్‌లైన్లోనే కలుస్తారు. ఇంట్లో చెప్పలేక, సూటు కొన్నా ఎక్కడ దాచాలో తెలియక నాకు మెసేజ్ పెట్టే కుర్రాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరూ తప్పు పని చేయడం లేదు.

అపోహ: డాలర్లలో సంపాదన, మీకేం టెన్షన్?

2025 ఆగస్టు చివర్లో అమెరికా చిన్న పార్సిళ్ళకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది, అంతవరకూ 800 డాలర్ల లోపు సరుక్కి సుంకం ఉండేది కాదు. అదే వారంలో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి వెళ్ళింది. ఇండియా పోస్టు అమెరికా పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసి, మళ్ళీ అక్టోబరు మధ్యలో మొదలుపెట్టింది. పూర్తయిన తలలు అట్టపెట్టెల్లో అలాగే ఉండిపోతే, కన్వెన్షన్ తేదీ దగ్గరపడిన కస్టమర్లకి రోజూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పట్లో 100 డాలర్ల సరుక్కి ఆ పైన 50 డాలర్లు సుంకమంటే కొనే మనిషి ఆలోచించాడు కదా. అందుకే అప్పట్నుంచి సుంకం ఎవరు కట్టాలనేది ఆర్డరు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా తేల్చుకుంటున్నాను.

ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్ళు తలతో మొదలుపెట్టకండి, తోకతో మొదలుపెట్టండి. ఒక మీటరు ఫర్ క్లాత్, కొత్త బ్లేడు, దువ్వెన, కూరడానికి ఫైబర్ దూది, నడుము బెల్టుకి పట్టే గట్టి లూపు చాలు. వాలు కొస వైపు ఉండేలా చూసుకోండి, లూపుని రెండు వరసలు కుట్టండి, కన్వెన్షన్లో మొదట తెగేది అదే.